పోర్ట్‌మార్నాక్‌కి ఆ టోర్నీ ఇవ్వొచ్చా? ఒక అక్కా తమ్ముడి వాదన

డబ్లిన్‌కి ఉత్తరాన, మూడు వైపులా నీళ్లున్న ఇసుక నేల మీద 1894లో మొదలైన గోల్ఫ్ క్లబ్ పోర్ట్‌మార్నాక్. 2019 జూన్‌లో అక్కడ ది అమెచ్యూర్ చాంపియన్‌షిప్, అంటే ప్రొఫెషనల్స్ కాని మగ ఆటగాళ్ల పెద్ద టోర్నీ, జరిగింది. అప్పటికి ఆ క్లబ్‌లో ఆడవాళ్లకి మెంబర్‌షిప్ లేదు. అలాంటి చోటికి టోర్నీ ఇవ్వడం సబబేనా అన్నది గొడవ. ఇద్దరూ డబ్లిన్‌లోనే ఉంటారు, ఇద్దరికీ గోల్ఫ్ పిచ్చే.

తమ్ముడు: అక్కా, ముందు ఆట సంగతి చూడు. 288 మంది బరిలోకి దిగితే 64 మంది మిగిలారు, అక్కణ్నుంచి ముఖాముఖి, ఎక్కువ హోల్స్ గెలిచినవాడిదే ఆట, ఓడితే ఇంటికే. ఫైనల్లో కార్క్ కౌంటీ మాలో కుర్రాడు జేమ్స్ షుగ్రూ, స్కాట్లాండ్ ఆటగాడు యూవన్ వాకర్‌ని 36వ హోల్ దాకా ఆడి ఒక్క హోల్ తేడాతో గెలిచాడు. ఆ గెలుపుతోనే మరుసటి నెల నార్తర్న్ ఐర్లాండ్‌లోని పోర్ట్‌రష్‌లో ఓపెన్ ఆడాడు, ప్రపంచంలోని పెద్ద ప్రొఫెషనల్స్ అంతా ఆడే టోర్నీ అది. సొంత దేశంలో, అలాంటి కోర్సులో గెలవడం అంటే మాటలా?

అక్క: కోర్సుని ఎవరు కాదన్నార్రా? 15వ హోల్ నేనూ ఆడాను, డబ్బు కట్టి, విజిటర్‌గా. కుడి పక్కంతా బీచ్. సముద్రం మీంచి గాలి కొడుతుంటే బంతిని బీచ్ వైపే కొట్టాలి, గాలే దాన్ని మళ్లీ గ్రీన్ మీదకి, అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీదకి, తెస్తుందని నమ్మాలి. నాకు చేతులు వణికాయి. మగవాడికైనా అక్కడ వణకాల్సిందే. ఆ గాలికి లేని తేడా క్లబ్‌కి ఎందుకు?

తమ్ముడు: ప్రైవేట్ క్లబ్ కదక్కా, వాళ్లిష్టం. 2009లో ఐర్లాండ్ సుప్రీంకోర్టు కూడా చట్టం ప్రకారం తప్పు లేదనే చెప్పింది.

అక్క: ముగ్గురు జడ్జీలు అవునంటే ఇద్దరు కాదన్నారు, అదీ చెప్పు. అయినా నేను క్లబ్‌ని అడగట్లేదు, ఈ టోర్నీనీ ఓపెన్‌నీ నడిపే సంస్థ ఆర్ అండ్ ఏని అడుగుతున్నా. 2016లో స్కాట్లాండ్‌లోని మ్యూర్‌ఫీల్డ్ క్లబ్‌లో ఆడవాళ్లని చేర్చుకోడానికి కావాల్సిన మూడింట రెండొంతుల ఓట్లు రాకపోతే, ఇక మీకు ఓపెన్ ఇవ్వమని అదే రోజు తేల్చి చెప్పేసింది. ఏడాది తిరక్కుండానే, 2017 మార్చిలో, వాళ్లు మళ్లీ ఓటేసి ఒప్పుకున్నారు. మరి ఓపెన్‌కి ఒక రూలు, అమెచ్యూర్‌కి ఇంకో రూలా?

తమ్ముడు: 2021లో పోర్ట్‌మార్నాక్ మెంబర్లు కూడా ఓటేసి తలుపు తీశారు కదా. అందరి కళ్లూ పడ్డాకే ఆ కదలిక వచ్చింది. పెళ్లివారొస్తున్నారంటే ఇల్లు సర్దుకోమా?

అక్క: వీళ్లు సర్దుకుంది పెళ్లివారు వెళ్లిన రెండేళ్లకి. ఇంకో సంగతి విను. 1931లో బ్రిటిష్ లేడీస్ అమెచ్యూర్ అక్కడే జరిగింది, ఎనిడ్ విల్సన్ గెలిచింది. టోర్నీ పెడితే మనసు మారేదే అయితే, ఆడవాళ్ల టోర్నీయే పెట్టాక ఇంకా తొంభై ఏళ్లు ఎందుకు పట్టింది?

(ఇక్కడ తమ్ముడు కాసేపు ఏమీ అనలేదు. నన్నడిగితే మొత్తం వాదనలో బరువున్న మాట ఇదే.)

తమ్ముడు: సరే, అది ఒప్పుకుంటా. కానీ 1949 తర్వాత ది అమెచ్యూర్ మళ్లీ ఇక్కడికి రావడానికి 70 ఏళ్లు పట్టింది. క్లబ్ మొండితనానికి షుగ్రూ లాంటి కుర్రాళ్లు ఎందుకు నష్టపోవాలి?

అక్క: ఎందుకు నష్టపోతార్రా, ఐర్లాండ్‌లో సముద్రం పక్కన ఇదొక్కటే కోర్సా? 2024లో అదే టోర్నీని ఐర్లాండ్‌లోనే డోనెగల్‌లోని బాలీలిఫిన్‌కి ఇచ్చారు, డెన్మార్క్ కుర్రాడు గెలిచాడు, ఏం తక్కువైంది? అదే నెలలో విమెన్స్ అమెచ్యూర్ పోర్ట్‌మార్నాక్‌లో జరిగితే నేను ఫైనల్‌కి వెళ్లాను. అమెరికా అమ్మాయి మెలనీ గ్రీన్ కూడా ఒక్క హోల్ తేడాతోనే గెలిచింది. చేతులు నొప్పెట్టేదాకా చప్పట్లు కొట్టాను. ఇప్పుడు ఆ క్లబ్‌లో మెంబర్‌షిప్ కోసం ఆ అమ్మాయీ అడగొచ్చు, నేనూ అడగొచ్చు. షుగ్రూ గెలిచిన రోజు అక్కడ చప్పట్లు కొట్టిన ఏ ఒక్క ఆడదానికీ ఆ వీలు లేదు.

తమ్ముడు: మరి ఓపెన్‌నే పోర్ట్‌మార్నాక్‌కి తేవాలని మాటలు నడుస్తున్నాయి. వస్తే వెళ్తావా?

అక్క: ఇప్పుడైతే వెళ్తాను. 15వ హోల్ దగ్గర నిలబడదాం, ఆ గాలికి వాళ్ల చేతులు వణుకుతాయో లేదో చూడాలి.