మెటాలికాని 1986లో కట్టేసింది మనమే

అమెరికన్ హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికా కొత్త ఆల్బమ్ వచ్చిన ప్రతిసారీ ఒకటే మాట, "పాత మెటాలికా లేదు బాస్" అని. 2023లో '72 సీజన్స్' వచ్చినప్పుడూ అదే విన్నాం. ఆ బ్యాండ్ మారిపోయిందని అందరూ ఏడుస్తారు, 2003 తర్వాత మారడం మానేసిందని నా ఏడుపు.

1983 నుంచి 1991 దాకా ఎనిమిదేళ్లలో ఐదు ఆల్బమ్‌లు తెచ్చారు, ఏ రెండూ ఒకలా ఉండవు. మొదటిదాంట్లో స్పీడ్ చూసి మోజుపడ్డవాళ్లకి మరుసటేడే 'ఫేడ్ టు బ్లాక్'లో అకూస్టిక్ గిటార్ వినిపిస్తే "అమ్ముడుపోయారు" అన్నారు. అది 1984, అంటే ఈ తిట్టు బ్యాండ్ కంటే మూడేళ్లే చిన్నది! 1986లో స్వీడన్‌లో బస్సు బోల్తాపడి బేస్ గిటార్ వాయించే క్లిఫ్ బర్టన్ పోయాడు. 1988 ఆల్బమ్‌లో కొత్త బేసిస్ట్ జేసన్ న్యూస్టెడ్ వాయించింది చెవి రిక్కించినా వినపడదు. 1991లో బాబ్ రాక్ ప్రొడ్యూసర్‌గా వచ్చాక పాటలు పొట్టివయ్యాయి, స్పీడ్ తగ్గింది, అందరూ 'బ్లాక్ ఆల్బమ్' అనే ఆ ఆల్బమ్ అమెరికాలోనే 1.6 కోట్ల కాపీలకు పైగా పోయింది. 1996లో 'లోడ్' తెస్తే పాటల కన్నా వాళ్ల క్రాఫుల మీదే ఎక్కువ గొడవ.

ఇక 2003 నాటి 'సెయింట్ యాంగర్'. వినడం కష్టమే, ఒప్పుకుంటా. స్నేర్ డ్రమ్ అడుగున సన్నటి తీగల వరస ఒకటుంటుంది, దెబ్బ పడ్డప్పుడు మనకి వినిపించే ఆ చర్రుమనే మోత దానిదే. డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ ఆ తీగలు తగలకుండా వదిలేసి వాయించాడు. ఖాళీ నూనె డబ్బాని కర్రతో బాదినట్టు ఠంగ్ ఠంగ్‌మని 75 నిమిషాలు. కర్క్ హామెట్ లాంటి గిటారిస్ట్‌ని పెట్టుకుని ఒక్క గిటార్ సోలో, అంటే గిటార్ ఒక్కటే ముందుకొచ్చి పాడే ముక్క, లేదు. కానీ అప్పుడు ఆ ఇంట్లో ఏం జరుగుతోందో చూడండి. జేసన్ న్యూస్టెడ్ వెళ్లిపోయాడు, పాడే జేమ్స్ హెట్‌ఫీల్డ్ రీహాబ్ నుంచి వచ్చి రోజుకి నాలుగు గంటలే పని అన్నాడు, వీళ్ల మధ్య మాటలు నడపడానికి నెలకి 40 వేల డాలర్లిచ్చి ఒక కోచ్‌ని పెట్టుకున్నారు, ఇదంతా డాక్యుమెంటరీగా కూడా వచ్చింది. అలాంటి ఇంట్లోంచి నున్నగా పాలిష్ పెట్టిన ఆల్బమ్ వస్తే నేనైతే నమ్మేవాణ్ణి కాదు. ఆ డబ్బా మోతని నమ్ముతా.

తిట్లు మాత్రం గట్టిగానే పడ్డాయి. 2008 ఆల్బమ్‌కి ప్రొడ్యూసర్‌గా వచ్చిన రిక్ రూబిన్ 1986 నాటి 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' ఆల్బమ్ రోజుల్లో ఎలా ఆలోచించారో అలా ఆలోచించమన్నాడు. సోలోలు తిరిగొచ్చాయి, అందరూ తృప్తిగా తలలూపారు. తర్వాత 2016, 2023 ఆల్బమ్‌లూ అదే దారి. మధ్యలో 2011లో రాక్ గాయకుడు లూ రీడ్‌తో ఒక ప్రయోగం చేసి మళ్లీ చీవాట్లు తిన్నారు, అంతే. అరవైకి దగ్గరపడ్డ వయసులో హెట్‌ఫీల్డ్ కుడిచెయ్యి అలా ఆడటం మామూలు విషయం కాదు, కానీ పాట మొదలైన పది సెకన్లకే తర్వాత ఏమొస్తుందో నాకు తెలిసిపోతుంటే ఏం చెప్పను.

వయసైపోయింది కదా, నలభై ఏళ్ల బ్యాండ్ ఇంకేం కొత్తగా చేస్తుంది అంటారు కొందరు. సగం నిజమే. అయితే వయసు మీదపడితే పాట నెమ్మదించాలి, వీళ్ల పాట వెనక్కి నడిచింది. వెనక్కి లాగిందెవరు మరి?

మనమే. 2022లో ఒక నెట్‌ఫ్లిక్స్ సిరీస్‌లో వాడితే 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' పాట 36 ఏళ్ల తర్వాత తొలిసారి అమెరికా హిట్ పాటల లిస్టు బిల్‌బోర్డ్ హాట్ 100 ఎక్కింది. కొత్త పాట రాసి ఏం ఉపయోగం అనిపించదూ? మన దగ్గర రీరిలీజ్‌ల పిచ్చిది కూడా ఇదే వరస. 2006 'పోకిరి'ని 2022లో మళ్లీ వేస్తే కాగితాలు ఎగరేశాం, అదే నోటితో ప్రతి హీరోనీ "వింటేజ్ లుక్ కావాలన్నా" అని అడుగుతున్నాం, కొత్తగా ఏదైనా ట్రై చేస్తే మొదటి షో ఇంటర్వెల్‌కే ట్రోల్ మొదలు.

2011 అక్టోబర్‌లో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్ షోకి మావాడొకడు హైదరాబాద్ నుంచి రాత్రి బస్సులో వెళ్లాడు. వాళ్ల పాత పాట 'వన్' గురించి ఇప్పటికీ అరగంట చెబుతాడు, అప్పటి కొత్త ఆల్బమ్‌లోంచి ఏం వాయించారంటే బుర్ర గోక్కుంటాడు. మొన్న వాడికి 'సెయింట్ యాంగర్' లింక్ పంపా. రెండు నిమిషాల్లో రిప్లై: "ఆ డబ్బా నాకెందుకురా, పాతవేమైనా ఉంటే పంపు."