48 గంటల్లో ఎవరి ఆటా ముగిసిపోదు

ఈ అక్టోబర్‌లో ఒకే మెసేజ్ నాకు ఏడుసార్లు వచ్చింది. గుంటూరు నుంచి మా బావగారు పంపారు. న్యూజెర్సీలో ఉన్న కాలేజీ స్నేహితుడు పంపాడు. ఇక్కడ టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో పిల్లల్ని బాస్కెట్‌బాల్ కోచింగ్‌కు తిప్పే తల్లిదండ్రుల గ్రూపులోనైతే మూడు రోజుల్లో ముగ్గురు పెట్టారు, పైన ఇంకొకరు పెట్టింది చూసుకోకుండానే. మొదటి రెండుసార్లు చదివి ఊరుకున్నాను. ఆ తర్వాత మా ఇంట్లో జరిగినదాన్ని బట్టి ఇక ఊరుకోకూడదనిపించింది. అదేమిటో కిందికి వెళ్లాక చెప్తాను.

"ఎన్‌బీఏ కోతల వెనక చేదు నిజాలు" అని ఆ మెసేజ్‌కి పేరు. ఎన్‌బీఏ అంటే అమెరికాలోని పెద్ద ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్, కోతలంటే సీజన్ ముందు ఆటగాళ్లను జట్టులోంచి తీసేయడం. అందులో ఐదు పాయింట్లున్నాయి. ఒకటి, సీజన్ ముందు జరిగే ట్రైనింగ్ క్యాంప్ నాటకం, పదిహేనుమందీ ముందే ఖరారు. రెండు, తీసేసిన ప్రతివాడికీ కోట్ల రూపాయలు ముట్టజెప్పి పంపిస్తారు, కాబట్టి ఎవరూ నష్టపోరు. మూడు, తీసేసిన ఆటగాణ్ణి 48 గంటల్లో మరో జట్టు తీసుకోకపోతే వాడి ఆట ముగిసినట్టే, ముప్పై జట్ల నిపుణులు వద్దన్నారంటే సత్తా లేదనే అర్థం. నాలుగు, సీజన్ ముంగిట దొరికే ఫ్రీ ఏజెంట్లంతా, అంటే ఏ జట్టుతోనూ కాంట్రాక్టు లేని ఆటగాళ్లంతా, పనికిరానివాళ్లు. ఐదు, తీసేసిన జట్టులోకి ఆ ఏడాది తిరిగి రావడానికి రూలు ఒప్పుకోదు. చివర్లో పెద్ద అక్షరాలతో ఒక సలహా: "ఇది మీ పిల్లలకు చూపించండి, బంతి పక్కన పెట్టి పుస్తకం పట్టుకోమనండి."

ముందు తేలికవి తేల్చేస్తాను.

ఐదో పాయింటు తప్పు. ఒక జట్టు తన ఆటగాణ్ణి వేరే జట్టుకు ట్రేడ్ (మార్పిడి) చేసి, ఆ కొత్త జట్టు అతన్ని తీసేస్తే, పాత జట్టు అతన్ని వెంటనే వెనక్కి తెచ్చుకోకూడదన్న రూలు ఒకటుంది. రాసినవారు దాన్ని సగం విన్నట్టున్నారు. మామూలుగా తీసేసిన ఆటగాడికి దాంతో సంబంధం లేదు. సిమ్ భుల్లర్‌నే చూడండి. పంజాబీ తల్లిదండ్రులకు కెనడాలో పుట్టిన, ఏడడుగుల ఐదంగుళాల మనిషి. 2014 అక్టోబర్‌లో, సీజన్ మొదలవబోతుండగా శాక్రమెంటో కింగ్స్ అతన్ని తీసేసింది. అతను ఆ జట్టుకే అనుబంధంగా ఉన్న కింది లీగ్ జట్టు రీనో బిగ్‌హార్న్స్‌కి వెళ్లి శీతాకాలమంతా ఆడాడు. 2015 ఏప్రిల్‌లో అదే కింగ్స్ పది రోజుల కాంట్రాక్టు ఇచ్చి పిలిచింది. భారత సంతతి నుంచి ఎన్‌బీఏలో ఆడిన మొదటి మనిషి అలా వచ్చాడు: కోత పడి, అదే సీజన్‌లో, కోసిన జట్టులోకే తిరిగి. ఆడింది మూడు మ్యాచ్‌లే. అయినా ఆ మెసేజ్ రాసినవారు ఒప్పుకోని దారిలోనే ఆ తలుపు తెరుచుకుంది.

నాలుగో పాయింటుకు ఒక్క పేరు చాలు. 2019 ఆగస్టులో లేకర్స్ జట్టులో సెంటర్ స్థానంలో ఆడే డిమార్కస్ కజిన్స్ మోకాలు దెబ్బతింది. ఆ చోటులోకి డ్వైట్ హోవర్డ్‌ను గ్యారంటీ లేని కాంట్రాక్టుతో తెచ్చుకున్నారు. అప్పటికి ఆయన్ని చాలామంది వదిలేశారు. 2020లో ఆ జట్టు ఛాంపియన్ అయ్యింది, హోవర్డ్ ఆ జట్టులో ఉన్నాడు.

ఇక డబ్బు సంగతి. "తీసేసిన ప్రతివాడికీ కోట్లు" అనే మాట ఎక్కణ్ణుంచి పుట్టిందో ఊహించగలను. 2025 జూలైలో మిల్వాకీ బక్స్ డేమియన్ లిల్లార్డ్‌ను వదులుకుంది. అతనికి ఇంకా రావలసిన 11 కోట్ల డాలర్ల పైచిలుకు మొత్తాన్ని ఐదేళ్లకు సర్ది లెక్క రాసుకుంది. ఆ వార్త అందరూ చదివారు. కానీ లిల్లార్డ్‌ది గ్యారంటీ కాంట్రాక్టు, అంటే తీసేసినా డబ్బు ఇవ్వాల్సిందే. అక్టోబర్ మూడో వారంలో పేర్లు కొట్టేయించుకునే కుర్రాళ్లలో ఎక్కువమందిది ఎగ్జిబిట్ 10 అనే కాంట్రాక్టు. ఏడాదికి, కనీస జీతానికి, గ్యారంటీ లేకుండా. ఎన్‌బీఏలో జీతం లెక్క సీజన్ మొదటి రోజు నుంచి మొదలవుతుంది. దానికి ముందే తీసేస్తే ఆ జీతంలో ఒక్క డాలరు కూడా రాదు. క్యాంప్ రోజులకు భత్యం ఇస్తారు, అంతే. ఆ కుర్రాడు అదే జట్టుకు అనుబంధమైన జీ లీగ్ (ఎన్‌బీఏ కింది లీగ్) జట్టుకు వెళ్లి 60 రోజులు ఉంటే ఒక బోనస్ వస్తుంది. 2023-24లో అది గరిష్ఠంగా 75,000 డాలర్లు. దానికి తోడు ఆ సీజన్ జీ లీగ్ జీతం 40,500 డాలర్లు. మంచి డబ్బే, కాదనను. కానీ కుర్రాడికి ఆడగలిగే కాలం పదేళ్లే ఉంటుంది. ఒక చీలమండ తిరిగితే ఆ పదేళ్లూ రెండేళ్లవుతాయి. పైగా ఆ బోనస్ ఎవరూ చేతిలో పెట్టి పంపించేది కాదు, రెండు నెలలు ఆ జట్టుతో ఉండి సంపాదించుకోవాల్సింది. "ఎవరూ నష్టపోరు" అని రాయడం తేలిక. ఆ వారంలో మేనేజర్ గదిలోకి పిలుపు వచ్చిన కుర్రాడి ముందు నిలబడి ఆ మాట అనగలరా?

మొదటి పాయింటు దగ్గర మాత్రం నేను సగం దిగిరావాలి. దిగివస్తాను కూడా.

క్యాంప్‌కు ఒక జట్టు 21 మందిని తీసుకురావచ్చు. సీజన్ మొదలయ్యేసరికి మామూలు కాంట్రాక్టుల మీద 15 మంది, టూ-వే కాంట్రాక్టుల (ఎన్‌బీఏ జట్టుకూ, దాని జీ లీగ్ జట్టుకూ ఆడే ఒప్పందాల) మీద ముగ్గురు మాత్రమే మిగలాలి. ఆ పదిహేనులో పదమూడు, పద్నాలుగు సీట్లు క్యాంప్ మొదలుకాకముందే గ్యారంటీ కాంట్రాక్టులతో నిండిపోయి ఉంటాయి. మెసేజ్‌లో ఆ మాట నిజం. దాచిపెట్టి వాదించను. నాకు ఇంకా నచ్చని సంగతులున్నాయి, అవి ఆ మెసేజ్‌లో లేవు కూడా. లగ్జరీ టాక్స్ (జీతాల మొత్తం హద్దు దాటితే పడే పన్ను) కడుతున్న జట్లు చాలాసార్లు పదిహేనో సీటును ఖాళీగానే ఉంచుకుంటాయి, ఎందుకంటే ఆ ఒక్క కుర్రాడి కనీస జీతం మీద పన్నుతో కలిపి అంతకు కొన్ని రెట్లు పడుతుంది. క్యాంప్‌లో మెరుగ్గా ఆడినవాడు ఇంటికి పోయి, గ్యారంటీ ఉన్నవాడు మిగలడం ప్రతి ఏడాదీ జరిగేదే. కొందరినైతే పొద్దున సంతకం చేయించుకుని సాయంత్రానికి తీసేస్తారు. జీ లీగ్ జట్టుకు ఆ కుర్రాడి మీద హక్కు రావడానికి, అతనికి ఆ బోనస్ దక్కడానికి అదొక పద్ధతి. ఆ ఒక్క పనిని నాటకమంటే నేను కాదనలేను.

కానీ మొత్తం క్యాంప్ నాటకమనడం వేరు. 2016లో టొరంటో రాప్టర్స్ క్యాంప్‌లో మిగిలిన చివరి సీటు కోసం పోటీపడిన వాళ్లలో ఫ్రెడ్ వాన్‌వ్లీట్ ఒకడు. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే చోట, అతని పేరు ఎవరూ పిలవలేదు. క్యాంప్‌లో సీటు గెలిచాడు. 2019లో ఛాంపియన్, 2022లో ఆల్‌స్టార్. 2021లో ఆస్టిన్ రీవ్స్ కూడా డ్రాఫ్ట్ కాలేదు. లేకర్స్‌తో టూ-వే మీద మొదలుపెట్టి, సీజన్ మొదలయ్యేలోపే మామూలు కాంట్రాక్టుకు మారాడు. చివరి సీటు ఒక్కటే కావచ్చు, దానికోసం జరిగే ఆట మాత్రం నిజం.

ఇప్పుడు మూడో పాయింటు. నన్ను ఇది రాయించింది ఇదే.

మావాడికి పదమూడేళ్లు. పోయిన నెల స్కూలు జట్టు ఎంపికకు వెళ్లాడు. జాబితాలో పేరు రాలేదు. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు రాత్రి నా ఫోన్‌లో ఏదో వెతుకుతూ ఈ మెసేజ్ చదివాడు. "నాన్నా, నన్నూ ఎవరూ తీసుకోలేదు కదా, అంటే నాకూ సత్తా లేనట్టేనా?" అని అడిగాడు. బావగారూ, ఈ మెసేజ్ మీరు మంచి మనసుతోనే పంపారని నాకు తెలుసు. కానీ అది చేసిన పని ఇది.

ముందు లెక్క చూద్దాం. 30 జట్లు, జట్టుకు 21 మంది చొప్పున క్యాంప్‌లకు 630 మంది దాకా వస్తారు. మామూలు సీట్లు 450, టూ-వే సీట్లు 90, మొత్తం 540. అన్ని జట్లూ నిండుగా క్యాంప్ పెడితే 90 మంది ఇంటికి పోక తప్పదు. అందరూ గొప్పగా ఆడినా 90 మందే పోతారు. కూడిక, తీసివేత వచ్చిన ఎవరైనా దీన్ని "నిపుణుల తీర్పు" అని రాస్తారా?

ఇక ఆ 48 గంటలు. తీసేసిన ఆటగాడి పేరు వెయివర్స్ జాబితాలోకి వెళ్తుంది. కావాలనుకున్న జట్టు ఆ గడువులో క్లెయిమ్ చేయాలి. చేస్తే ఆ పాత కాంట్రాక్టును ఉన్నది ఉన్నట్టు తలకెత్తుకోవాలి, తన పదిహేనులో ఒక సీటు ఇవ్వాలి. అక్టోబర్ మూడో వారంలో ముప్పై జట్లూ తమ మనుషుల్నే తీసేస్తుంటాయి. ఆ వారంలో ఒకణ్ణి కొత్తగా తెచ్చుకోవాలంటే ఇంకొకణ్ణి అదనంగా కొట్టేయాలి. అందుకే దాదాపు అందరూ ఎవరూ తీసుకోకుండానే బయటకొస్తారు. సంత ముగిసే వేళకు అందరి సంచులూ నిండిపోయి ఉంటే, అమ్ముడుపోని సరుకు పుచ్చిపోయినదని ఎలా అంటారు?

పైగా ఎవరూ తీసుకోకపోవడం చాలాసార్లు ఆ కుర్రాడికే మేలు. తెలిసిన కోచ్‌లున్న జీ లీగ్ జట్టుకే వెళ్తాడు. టూ-వే మీద లేడు కాబట్టి ముప్పై జట్లలో ఏది పిలిచినా పోవచ్చు. మా ఫ్రిస్కోలో టెక్సాస్ లెజెండ్స్ ఆటకు వెళ్లి చూడండి. డాలస్ మావెరిక్స్‌కు అనుబంధమైన జట్టు అది. అక్టోబర్‌లో ఏదో ఒక జట్టు తీసేసిన కుర్రాళ్లు అక్కడ కనిపిస్తారు, ప్రాణం పెట్టి ఆడుతుంటారు. ముందు వరుసలో కూర్చుంటే బూట్ల చప్పుడుతో పాటు ఒకరినొకరు కేకేసుకునేదీ వినిపిస్తుంది. ఆట అయిపోయినవాళ్ల మొహాలు అలా ఉండవు.

గ్రూపులో ఒకరిద్దరు జెరెమీ లిన్ పేరు చెప్పి ఈ పాయింటును ఖండించబోయారు. వాళ్లకు నా దండం, కానీ లిన్ ఇక్కడ పనికిరాడు. 2011 డిసెంబర్‌లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ తీసేస్తే హ్యూస్టన్ క్లెయిమ్ చేసింది. రెండు వారాలు కాకుండానే హ్యూస్టన్ తీసేస్తే న్యూయార్క్ క్లెయిమ్ చేసింది. అంటే లిన్‌ను రెండుసార్లూ వెయివర్స్ గడువులోపే తీసుకున్నారు. అతని నుంచి నేర్చుకోవాల్సింది ఇంకొకటుంది. వారియర్స్ అతన్ని వదులుకుంది డియాండ్రే జోర్డాన్‌కు ఇవ్వజూపిన డబ్బు కోసం. హ్యూస్టన్ వదులుకుంది శామ్యూల్ డాలంబెర్ట్‌కు చోటు చేయడానికి. రెండుసార్లూ కారణం పక్కవాడి కాంట్రాక్టు, లిన్ ఆట కాదు. ఆరు వారాల తర్వాత అతను లేకర్స్ మీద 38 పాయింట్లు కొట్టాడు.

ఎవరూ తీసుకోనివాళ్ల కథ కావాలంటే అలెక్స్ కరూసో ఉన్నాడు. 2016 డ్రాఫ్ట్‌లో పేరు రాలేదు. ఆ అక్టోబర్‌లో ఓక్లహోమా సిటీ థండర్ క్యాంప్‌లోంచి తీసేసింది. 48 గంటలు గడిచాయి, ఎవరూ క్లెయిమ్ చేయలేదు. థండర్ అనుబంధ జట్టు ఓక్లహోమా సిటీ బ్లూలో ఆ సీజనంతా ఆడాడు. 2017లో లేకర్స్ టూ-వే ఇచ్చింది. 2020 ఫైనల్స్‌లో ఛాంపియన్‌షిప్ తేలిన ఆరో మ్యాచ్‌ను అతను మొదటి ఐదుగురిలో ఒకడిగా మొదలుపెట్టాడు. అప్పుడు తీసేసిన థండరే 2024లో ట్రేడ్ చేసి అతన్ని వెనక్కి తెచ్చుకుంది. నాలుగేళ్లకు 8 కోట్ల డాలర్ల పైన రాసిచ్చింది. 2025లో అదే జట్టుతో మళ్లీ ఛాంపియన్. ఆ మెసేజ్ లెక్కన ఈ మనిషి ఆట 2016లోనే ముగిసిపోయింది.

డ్యానీ గ్రీన్‌ను 2010 అక్టోబర్‌లో క్లీవ్‌లాండ్ తీసేసింది. నవంబర్‌లో శాన్ ఆంటోనియో తీసుకుని, వారం తిరక్కుండా తనూ తీసేసింది. 2011 మార్చిలో మళ్లీ పిలిచింది. ఆయన చేతికి మూడు ఛాంపియన్‌షిప్ ఉంగరాలున్నాయి, మూడు వేర్వేరు జట్లతో: 2014, 2019, 2020. ప్యాట్రిక్ బెవర్లీని 2010లోనే మయామీ తీసేస్తే రష్యా వెళ్లి ఆడి, 2013 జనవరిలో హ్యూస్టన్‌కు వచ్చాడు. 2017లో లీగ్‌లో అత్యుత్తమ డిఫెన్స్ జట్టులోని ఐదుగురిలో ఒకడు.

తీసేసిన వాళ్లలో ఎక్కువమంది ఇలా తిరిగి రారు, అది కూడా మావాడికి చెప్పాను. పంజాబ్‌లోని బల్లో కే నుంచి వచ్చిన సత్నామ్ సింగ్‌ను 2015లో డాలస్ 52వ పిక్‌గా తీసుకుంది. భారత్‌లో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో పేరు వినిపించుకున్న మొదటివాడు. ఇక్కడే, మా ఊళ్లోనే, లెజెండ్స్‌కు ఆడాడు. ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. దారి ఇరుకు, ఆ సంగతి పిల్లలకు దాచకూడదు. కానీ ఇరుకు దారి అనడం వేరు, రెండు రోజుల్లో ఎవరూ పిలవలేదు కాబట్టి నీలో ఏమీ లేదనడం వేరు. రెండోది అబద్ధం. అబద్ధం చెప్పి పిల్లల్ని పుస్తకాల వైపు తిప్పక్కర్లేదు. మావాడు లెక్కల్లో బాగానే ఉన్నాడు, ఆ 630లోంచి 540 తీసేసి చూపించింది వాడే.

బావగారూ, మెసేజ్ మొత్తం చెరిపేయమని అడగను. మొదటి పాయింటులో సగం నిజముంది, ఉంచండి. మూడోది మాత్రం తీసేసి, గ్రూపుల్లో మళ్లీ పెట్టండి. మీరు పెడితే మనవాళ్లందరూ చదువుతారు, నేను పెడితే సగంమంది కూడా తెరవరు.