రహస్య వ్యాధుల గోడ రాతకు ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ రైల్వే గేటు పక్క గోడ మీది పసుపు రంగు రాత గారికి,

నమస్కరించి రాయునది. ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టలేను. అంగస్తంభన సరిగా లేక, ఆ కుశలం తప్పే కదా మిమ్మల్ని నమ్మి, మీ వైద్యుడు దిగిన ఆ లాడ్జి మెట్లెక్కింది!

ముందు మీ అక్షరాల సంగతి. 'రహస్య వ్యాధులు' అన్న మాటను రైల్లో పోయేవాడికి కూడా కనబడేలా మనిషి ఎత్తున రాయించుకున్నారు. గోడలకు చెవులుంటాయని విన్నాను గానీ, మీ గోడకు నోరు కూడా ఉంది.

పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నమంతా వరండాలో ప్లాస్టిక్ కుర్చీకి అప్పగించాను. ఎదురు కుర్చీలో మా అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి గారు. నీటి బకాయికి రోజూ తలుపు తట్టే మనిషి, ఆ రోజు నన్ను చూడగానే ఫ్యాను రెక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నేనూ లెక్కపెట్టాను. మూడే ఉన్నాయి. అయినా మూడు గంటలు సరిచూసుకున్నాం.

లోపల మీ వారు నాడి పట్టుకుని, కళ్లు మూసుకుని, 'చిన్ననాటి పొరపాట్లు' అన్నారు. నరాల బలహీనతట. 30 ఏళ్ల కిందటి వేసవి సెలవులకు 49వ ఏట వడ్డీ కడుతున్నానన్నమాట. ఒక డబ్బా లేహ్యం 6,500 రూపాయలు. రసీదు అడిగితే 'రహస్యం కదండీ' అన్నారు.

లేహ్యమైనా మింగగలిగాను గానీ, ఒక్క సంగతి మాత్రం మింగుడుపడటం లేదు. షుగర్ ఉందా అని మీ వారు అడగలేదు. బీపీ చూడలేదు. జేబులో సిగరెట్ పెట్టె కనబడుతూనే ఉంది, రోజుకు ఎన్ని అని కూడా అడగలేదు. షుగర్ సంగతి ఎత్తింది మా ఆవిడ. అలమరలో డబ్బా దొరికిన రోజు గొడవ చేస్తుందనుకున్నాను. 'రాత్రికి మూడుసార్లు మూత్రానికి లేస్తున్నారు, ముందు షుగర్ చూపించుకోండి' అంది, అంతే. లేహ్యం పారబోసి, డబ్బా కడిగి మెంతులు పోసుకుంది.

నిన్న రిపోర్టు వచ్చింది. షుగర్ మూడు నెలల సగటు 9.2. ఆ అంకె 6.5 చేరితే చాలు, మధుమేహం అంటారు.

డాక్టరమ్మ కళ్లు మూసుకోలేదు, గొంతు తగ్గించలేదు. తెల్లవారుజామున స్తంభన ఎలా ఉంటుందని అడిగారు. అప్పుడు మామూలుగా ఉంటే మనసులోని దిగులు కారణం కావచ్చునట, అప్పుడూ లేకపోతే రక్తనాళాలనో నరాలనో అనుమానించాలట. తాగుడు, కొన్ని బీపీ మాత్రలు, దిగులుకు వాడే మాత్రలు, తగ్గిన హార్మోను, అన్నీ ఆరా తీశారు. 'అక్కడికి రక్తం తీసుకెళ్లే నాళం వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు, గుండె నాళాలవి మూడు నాలుగు. పూడిక పడితే ముందు ఎండేది పిల్ల కాలువే, పెద్ద కాలువ వంతు కొన్నేళ్లకు వస్తుంది' అన్నారు. గుండె పరీక్షలకూ చీటీ రాశారు.

అంటే అది నా ఒంటి నుంచి వచ్చిన ముందస్తు నోటీసు. నువ్వు ఆ నోటీసు మీద లేహ్యం పూశావు! సిగ్గుపడమన్నావు, దాచుకోమన్నావు, కుర్రతనం మీదికి నెట్టావు. అవును, ఇక 'మీరు' లేదు. 'మూలికలు' అని రాసిన డబ్బాల్లో చెప్పకుండా సిల్డెనాఫిల్, అంటే వయాగ్రాలో ఉండే మందు, కలిపేవాళ్లూ ఉన్నారు. గుండెనొప్పికి నాలుక కింద మాత్ర పెట్టుకునేవాడు అది తింటే బీపీ అమాంతం పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. నా డబ్బాలో ఏముందో నీ గోడకే తెలియాలి.

నీలాంటి ప్రకటన నేరమని 1954లోనే పార్లమెంటు చట్టం చేసింది. మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు. గేటు పడినప్పుడల్లా పోలీసు జీపు నీ ఎదుటే ఆగుతుంది, డ్రైవరు నిన్ను పైనుంచి కిందిదాకా చదువుకుంటాడు, గేటు లేస్తుంది.

ఇట్లు,
సిగరెట్ మానేసి రెండు రోజులైన నీ పాత పాఠకుడు.

తా.క.: ఈ ఉదయం కార్యదర్శి గారు నీటి బకాయికి వచ్చారు. డబ్బు చేతిలో పెడుతూ, 'ఒకసారి షుగర్ చూపించుకోండి' అన్నాను మెల్లగా. ఆయన వెంటనే తలెత్తి పైకి చూశారు. మా గుమ్మం ముందు ఫ్యాను లేదు.