అది మేత కాదు బాబూ!

మళ్ళీ అదే! పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తే పార్కు చెరువు నిండా నానిన బ్రెడ్డు ముక్కలు, చిప్స్ కవర్లు. బాతులకి మేతట! కడుపు నిండుతుంది గానీ బలమేదీ? మిగిలింది నీళ్ళలో కుళ్ళి కంపు కొడుతోంది. ఆ నీళ్ళలోనే కదా అవి ఈదాలి?

ఒకాయనైతే పిల్లాడి చేత రాళ్ళేయించి, బాతులు బెదిరి పరిగెడుతుంటే వీడియో తీస్తున్నాడు. వద్దంటే "మీకేటండీ ఇబ్బంది?" అని నా మీదకే లేచాడు. ఇబ్బంది నాకా?

చలికాలంలో హిమాలయాలు దాటి మన దేశానికొచ్చే అడవి బాతులున్నాయి, తల వెనక రెండు నల్లచారలతో. మన విశాఖలోని ముడసర్లోవ రిజర్వాయరుకీ వలస పక్షులొస్తాయి. అంత దూరం ఎగిరొచ్చిన ప్రాణుల్ని పదడుగుల దూరంలో నిలబడి చూడలేమా? కుక్కని గొలుసుతో పట్టుకోలేమా? గుడ్లు పొదిగే పక్షి దగ్గరకెళ్ళి, అది బుస కొడితే కర్ర తీస్తారేం?