నలభై ఒకటో ఏట నాలుగో తరగతి

నేను ప్రస్తుతం నాలుగో తరగతి చదువుతున్నాను. వయసు 41, ఉండేది బెంగళూరులో మారతహళ్లి. మావాడి స్కూల్లో ఈ ఏడాది క్లాస్ బ్లాగు పెట్టారు, అందువల్ల వాడి బదులు నేను చేరాల్సి వచ్చింది.

మీటింగులో టీచరమ్మ చాలా బాగా చెప్పారు, అబద్ధమెందుకు. నోట్‌బుక్‌లో రాస్తే ఒక్క టీచరే చదువుతుంది, బ్లాగులో అయితే క్లాసంతా చదువుతుంది, కింద కామెంట్లు పెడతారు, వాటికి జవాబు రాయబోయి పిల్లవాడు తను రాసింది మళ్లీ చదువుకుంటాడు, తప్పుంటే దిద్దుకుంటాడు. కాదనడానికేముంది? కాకపోతే 1999లో బ్లాగులు రాసుకునే ‘బ్లాగర్’ సైటు వచ్చింది, 2003లో దాన్ని గూగుల్ కొనేసింది, మా తరం అందులో కవితలు రాసి, ఒకరికొకరు ‘చాలా బాగుంది’ అని కామెంట్లు పెట్టుకుని, ఫేస్‌బుక్ రాగానే అటు దూకేసి, పాత పాస్‌వర్డులు కూడా మర్చిపోయాక ఇప్పుడిది ‘రేపటి చదువు’ ఎలా అయిందా అని చిన్న అనుమానం. అడగలేదు. ఫీజు రెండో విడత ఇంకా కట్టాలి.

ముందు అనుమతి పత్రం. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల వివరాలు వాడుకోవాలంటే అమ్మానాన్నల అనుమతి ఉండాలని 2023 నాటి డేటా రక్షణ చట్టం అంటోంది. స్కూలు దాన్ని తు.చ. తప్పకుండా పాటించి, బ్లాగుకి అనుమతి కాగితాన్ని డైరీలో పిన్ను కొట్టి పంపింది.

మొదటి టాపిక్ ‘మా అమ్మమ్మ ఊరు’. మావాడు అయిదు నిమిషాల్లో నాలుగు ముక్కలు రాసి ఆటకి పోయాడు. నాలుగోది: ‘అక్కడ వైఫై లేదు, అందుకని కుక్కతో ఆడాను.’ నాకు నచ్చింది. కానీ అప్పటికే పక్క బ్లాకు పాప పోస్టు వచ్చేసింది. రాయలసీమ మెట్ట సేద్యంలో వేరుశనగ పాత్ర, దానికి ఒక మ్యాపు, కింద గ్రాఫు. పాపకి తొమ్మిదేళ్లు, వాళ్ల నాన్న ప్రాజెక్ట్ మేనేజరు. మా ఆవిడ నావైపు ఒక చూపు చూసింది. రాత్రి పదకొండుకి మా పోస్టూ వెళ్లింది: హిందూపురం పక్కనున్న లేపాక్షి, అక్కడి వేలాడే స్తంభం, ఏకశిలా నంది, విజయనగర కాలపు శిల్పకళ. కుక్క తీసేశాను.

ఇక కామెంట్లు. తొమ్మిదేళ్ల పిల్ల ‘కైండ్లీ రివర్ట్’ అని రాసిందంటే ఆ ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు ఎవరు కూర్చున్నారో వేరే చెప్పాలా? పొద్దున ఆఫీసు మీటింగులో మ్యూట్ పెట్టుకుని నేను కూడా నలుగురు పిల్లల్ని మెచ్చుకుంటున్నాను. మొన్న నా మీద ఒకడు ‘ఆధారాలేవీ?’ అని ఎగిరాడు. నాలుగో తరగతిలో ఇంత రాజకీయం ఉంటుందని చిన్నప్పుడు తెలియనే లేదు.

నోటీసులు కూడా ఇకనుంచి బ్లాగులోనే. బ్లాగులో నోటీసు వచ్చిందని చెప్పడానికి ఒక వాట్సాప్ గ్రూపు. వాన సెలవు సంగతి మాకు ఆ రెండిట్లోనూ కాకుండా బస్‌స్టాపులో వాచ్‌మన్ చెప్పాడు.

అమ్మమ్మలకి, తాతయ్యలకి కూడా లింకు పంపమన్నారని మా అత్తగారికి పంపాను. ఇంగ్లీషు వ్యాసం, ఆవిడకేం అర్థమవుతుంది? ఫోన్ చేసి ఒక్కటే అడిగింది, “కుక్క గురించి రాయలేదేంరా?” అని. మావాడు నావైపు చూశాడు. తర్వాత నాకు చెప్పకుండా ఒక పోస్టు పెట్టాడు. వాడికి తెలుగు అక్షరాలు రావు, కన్నడం స్కూల్లో నేర్పుతారు గనక తెలుగు మాటల్నే కన్నడ అక్షరాల్లో రాశాడు: ‘అమ్మమ్మా, కుక్క ఎట్లుంది?’ తలకట్టు దగ్గర కాస్త తేడా తప్పితే రెండు లిపులూ అక్కచెల్లెళ్లే, పైగా హిందూపురం మనిషి, ఇట్టే చదివేసింది. కింద తెలుగులో జవాబు కూడా రాసింది: ‘నాలుగు పిల్లల్ని పెట్టింది నాయనా, నువ్వొచ్చి పేర్లు పెట్టల్ల.’

టీచరమ్మకి తెలుగు రాదు. ఆ కామెంటు పదిరోజులుగా ఆమోదం కోసం ఆగి ఉంది. మావాడు రోజూ తెరిచి చూస్తున్నాడు. నాకు రేపటికల్లా ‘నీటి చక్రం’ పూర్తి కావాలి, ఇంకా మబ్బుల దగ్గరే ఉన్నాను.