శుభలేఖలు పంచేశాక ఆర్టిస్టుని పిలవకండి

గోడల మీద బొమ్మలు వేయడం, కిటికీలకు రంగు గాజు పలకలు చేసి బిగించడం నా వృత్తి. కోనసీమలోనూ, అటు భీమవరం దాకానూ నా చేతి పని ఉన్న బిల్డింగులు ఉన్నాయి. చాలా ఏళ్లుగా అనుకుంటున్న మాట ఇవాళ రాసేస్తున్నాను. మనవైపు బిల్డింగు కట్టేవాళ్లకి ఇంజినీరు ఎప్పుడు కావాలో తెలుసు, మేస్త్రీ ఎప్పుడు కావాలో తెలుసు. ఆర్టిస్టు మాత్రం టైల్స్ అయిపోయి, సీలింగు అయిపోయి, చేతిలో డబ్బులు కూడా అయిపోయాక గుర్తొస్తాడు. "మాస్టారూ, హాల్లో ఓ గోడ బోసిగా ఉందండి. వచ్చే శుక్రవారం ప్రవేశం. ఈలోగా ఏదో ఒకటి వేసేద్దురూ." అడిగేది ఎంతో మర్యాదగా అడుగుతారు. కానీ అప్పటికి నేను చేయగలిగింది ఏమీ మిగలదు.

ఎందుకు మిగలదో చెబుతాను. తడి సున్నం మీద వేసే పాత పద్ధతి తీసుకోండి. అందులో జిగురు వాడం. రంగు పొడిని ఉత్త నీళ్లలో కలిపి, సున్నపు పూత ఆరకముందే వేస్తాం. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది, రంగు ఆ రాయిలోనే ఉండిపోతుంది. అందుకే ఒక రోజులో ఎంత మేర బొమ్మ వేయగలమో పొద్దున్న అంతవరకే పూత పూస్తాం. ఆ సున్నం నెలల తరబడి నీళ్లలో నానాలి. గానుగలో ఆడించిన డంగుసున్నంతో మేడలు కట్టిన ఊళ్లు మనవి, ఓపిక మనకు తెలియనిది కాదు. సరే, ఇప్పుడంతా సిమెంటే, దాని మీద యాక్రిలిక్ వేస్తాం. అదైనా కొత్త ప్లాస్టరింగు బాగా ఆరి, దాని క్షారం తగ్గితేనే నిలుస్తుంది.

పైగా మనది డెల్టా. కాలువలు పారినన్నాళ్లూ భూమిలో నీరు పైపైనే ఉంటుంది. పునాది మీద చెమ్మను ఆపే పొర సరిగా వేయకపోతే ఆ నీరు ఇటుకల్లోంచి పైకి పాకుతుంది, తనతో పాటు ఉప్పునీ తెస్తుంది. నీరు ఆవిరైపోయి ఉప్పు మిగులుతుంది, అది రంగును వెనకనుంచి నెట్టేస్తుంది. ఒక ఊళ్లో వరికోతల బొమ్మ వేశాను. ఉప్పునీటి బోరుతో ప్లాస్టరింగు చేశారని నాకెవరూ చెప్పలేదు. మరుసటి వానాకాలం వెళ్లి చూస్తే, కింది వరసలో కుప్ప వేస్తున్న ఆడవాళ్ల పాదాల దగ్గర గోడ బుడిపెలు బుడిపెలుగా ఉబ్బింది. వేలితో తాకితే తెల్లటి పొడి, దానితో పాటే నేను వేసిన పట్టీలూ రాలాయి. పునాది తీస్తున్నప్పుడే నేను అక్కడ ఉండుంటే ఆ నీళ్లు వాడనిచ్చేవాణ్ణి కాదు.

గాజు పని అయితే మరీ ముందునుంచి మొదలవ్వాలి. అసలు సైజులో కాగితం మీద బొమ్మ గీసి, ప్రతి ముక్కకీ నంబరు వేస్తాం. ముక్కకీ ముక్కకీ మధ్య, వాటిని కలిపి పట్టి ఉంచే సీసపు పట్టీ మందం వదిలి కాగితం కత్తిరించాలి. వదలకపోతే వెంట్రుకవాసి చొప్పున పెరిగి పెరిగి పలక చట్రంలో పట్టదు. కట్టర్ నడుస్తున్నంతసేపూ గాజు మీద సన్నటి గరగర ఒకే తీరుగా వినిపించాలి. అది మధ్యలో ఆగిందంటే గీత కూడా అక్కడే ఆగినట్టు, విరిస్తే ముక్క పక్కదారి పడుతుంది. ముఖాలూ చేతులూ గాజుపొడి కలిసిన రంగుతో గీసి, కొలిమిలో 600 డిగ్రీలు దాటించి కాలుస్తాం. నీలానికి కోబాల్ట్, గులాబీ ఎరుపుకి బంగారం గాజులోనే కలిసి ఉంటాయి కాబట్టి ఎండకు వెలవవు. అద్దం మీద అంటించే ప్లాస్టిక్ స్టిక్కరు వెలుస్తుంది. మెదక్ చర్చిలో ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన గాజు కిటికీలు చూడటానికి అంతదూరం వెళ్లొచ్చి, మన ఊరి చర్చికి స్టిక్కరు చాలనేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

సీసం మెత్తన. పెద్ద పలక తన బరువుకే ఉబ్బుతుంది. వెనక అడ్డంగా కడ్డీలు పెట్టి, రాగి తీగతో పలకను వాటికి కట్టాలి. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమలో ఈ కడ్డీలు దండగ అనేవాళ్లు ఉండకూడదు. వాటికి గోడలో చోటు ఎప్పుడు వదలాలి? గోడ లేస్తున్నప్పుడే. కిటికీ తూర్పుకా పడమరకా, సన్‌షేడ్ ఎంత బయటికి రావాలి, ఎదురుగా ఏ కొబ్బరిచెట్టు నీడ పడుతుంది, ఇవన్నీ ప్లాను మీద తేలాల్సిన విషయాలు.

ఇక వేసిన తర్వాత సంగతి. ఒక కల్యాణ మండపంలో నేను వేసిన గోడను, యజమాని మారగానే నాకు మాట మాత్రం చెప్పకుండా క్రీము రంగుతో కొట్టేశారు. "మా గోడండీ" అన్నారు. గోడ మీదేనండీ, కాదనలేదు. కానీ ఢిల్లీలో ప్రభుత్వ సమావేశాలు జరిగే విజ్ఞాన్ భవన్ కోసం శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పం కథ వినండి. 140 అడుగుల పని. 1979లో మరమ్మతులంటూ ప్రభుత్వంవాళ్లు ఊడదీసి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకెళ్లారు. కాపీరైటు చట్టం 57వ సెక్షన్ ప్రకారం, పని అమ్మేసిన తర్వాత కూడా దాని మీద కళాకారుడికి నైతిక హక్కు ఉంటుందని 2005లో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. మిగిలిన ముక్కలు తిరిగివ్వమంది, 5 లక్షల పరిహారం ఇవ్వమంది. అంత పెద్ద పేరున్న మనిషికే అన్నేళ్లు పట్టింది.

చిత్రకారుడు దామెర్ల రామారావు ముప్పై నిండకుండానే 1925లో పోయారు. రాజమండ్రిలో ఆయన పేరున గ్యాలరీ ఉంది కాబట్టి ఇవాళ మన పిల్లలకు ఆయన బొమ్మలు చూపించగలుగుతున్నాం. కాన్వాసుని ఎత్తుకెళ్లి దాచొచ్చు. గోడను ఎక్కడికి తీసుకెళ్తాం?

ఫ్రాన్సులో 1951 నుంచి ప్రభుత్వ బడి కడితే ఖర్చులో ఒక శాతం కళకు కేటాయించాలన్న నియమం ఉంది. మన దగ్గర కోట్లు పెట్టి ఫంక్షన్ హాళ్లు కడుతున్నారు. పందిరి పువ్వులకు ఒక్క రాత్రికి పెట్టే ఖర్చు చూస్తే, శాతం అడగడం నాకేమీ అత్యాశగా అనిపించదు.

కాబట్టి గుడి, చర్చి, బడి, హాలు ఏది కడుతున్నా గోడ లింటెల్ లెవెల్‌కి, అంటే తలుపుల, కిటికీల పై అంచు దాకా, రాకముందే ఆర్టిస్టుని సైటు దగ్గరికి రమ్మనండి. నన్నే పిలవక్కర్లేదు, మీ ఊరి పిల్లల్లో ఫైన్ ఆర్ట్స్ చదివినవాళ్లు ఉంటారు, వాళ్లని పిలవండి. ఒప్పందం కాగితం మీద రాయండి. రంగు మార్చాలన్నా గోడ కొట్టాలన్నా ముందు కబురు చేస్తామని అందులో ఒక లైను చేర్చండి. పాత మండువా ఇల్లు పడగొడుతుంటే తలుపుల మీది రంగు అద్దాలను పలుగుతో పొడిపించకండి. అద్దాన్ని పట్టి ఉంచే కర్ర బద్దను సుత్తితో తట్టి తీస్తే అద్దం చెక్కుచెదరకుండా వస్తుంది, కొత్త ఇంట్లో మళ్లీ బిగించొచ్చు. ఎవరికైనా ఆ పని చేతకాకపోతే కామెంట్లో అడగండి, ఎలా విప్పాలో చెబుతాను.