పత్తి ఏరేది ఒకరు, ఓటీపీ వచ్చేది ఇంకొకరికి

2025 సీజన్ నుంచి భారత పత్తి సంస్థ (సీసీఐ)కి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలి. తేమ 8 శాతం దాటితే ధర తగ్గుతుంది, 12 దాటితే కొనరు. ఇది పాత రూలే. ఇప్పుడు స్లాట్ దొరికిన తారీఖుకే పత్తి ఆరి ఉండాలి. ముందు రోజు రాత్రి ముసురు పట్టిందనుకోండి, రైతు చేసేదల్లా పత్తి మీద పట్టా కప్పి తెల్లారే దాకా టెన్షన్ పడటమే.

ఆ టార్పాలిన్ పట్టా కౌలు రైతుదే. భూమి పట్టా మాత్రం ఆయనది కాదు. చిక్కంతా అక్కడే ఉంది.

తెలంగాణలో పరకాల, నర్సంపేట వైపు కౌలు ఒప్పందాలు ఎక్కువగా నోటిమాట మీదే నడుస్తాయి. పాస్‌బుక్, ఆధార్, దానికి లింకైన ఫోన్ అన్నీ హన్మకొండలోనో హైదరాబాద్‌లోనో ఉండే పట్టాదారువి. పంట నమోదులో కౌలు రైతు పేరు ఎక్కకపోతే ‘పటేలా, ఓటీపీ నంబర్ వచ్చిందా, జర చెప్పుండ్రి’ అని ఆ పట్టాదారును బతిమాలాల్సిందే. పైసలు పడేదీ ఆయన ఖాతాలోనే. 2025 మేలో రాష్ట్రంలో మొదలైన 11 అంకెల రైతు గుర్తింపు సంఖ్యకూ పాస్‌బుక్కే ఆధారం.

పాత పహాణీలో, అంటే ఊరి భూమి రికార్డులో, అనుభవదారు (సాగులో ఉన్న మనిషి) కాలమ్ ఉండేది. 2020లో ధరణి భూ రికార్డుల పోర్టల్ వచ్చాక అది పోయింది. కంప్యూటర్ చేసిన తప్పు కాదది, మనుషులు తీసుకున్న నిర్ణయం. చట్టం లేదా అంటే ఉంది. 2011 నాటి భూ అధీకృత సాగుదారుల చట్టం కింద కౌలు రైతుకు ఏడాది చెల్లే రుణ అర్హత కార్డు ఇవ్వొచ్చు, యజమాని హక్కుకు ఢోకా ఉండదు. ఆ చట్టాన్ని రద్దు చేయలేదు, అమలూ చేయడం లేదు.

ఇక ఈ నమోదుల్లో రైతులు ఇచ్చే డేటా సంగతి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సబ్సిడీలు, పథకాల కోసం వివరాలు వాడుకోవడంలో ప్రభుత్వానికి పెద్ద వెసులుబాటే ఇచ్చింది. డేటా కాపాడలేకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంటుంది. వినడానికి బాగుంది. కానీ ఆ సొమ్ము కేంద్ర ఖజానాకు పోతుంది, నష్టపోయిన రైతుకు ఒక్క రూపాయి రాదు. పైగా ఐటీ చట్టంలో పరిహారం ఇప్పించే 43ఏ సెక్షన్‌ను తీసేయాలని ఈ చట్టంలోనే రాశారు!

కొత్త యాప్‌లు వద్దని ఎవరూ అనడం లేదు. రైతు నమోదు ఫారంలో ‘సాగుదారు’ అని ఒక గడి పెట్టి, అందులో 2011 చట్టం కార్డు నంబర్ తీసుకుంటే చాలు. దానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు.